పన్నెండో కార్తీకం

బాపట్ల,
12 ఫిబ్రవరి 1989

సాంబశివరావూ,

నీతో ఒక పని పడింది. పని లేకపోతే రాయవా అని నువ్వు అంటావు కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

మా లూథరన్ సంఘంలో వచ్చే ఏడు కన్ఫర్మేషన్ తీసుకోబోయే, అంటే సంఘం ముందు తమ విశ్వాసం ఒప్పుకోబోయే పిల్లలున్నారు. పదమూడు, పద్నాలుగేళ్ళ వాళ్ళు. వీళ్ళకి కొత్తగా ఒక పాఠం కావాలని సంఘం పెద్దలు అన్నారు: మన పొరుగున ఉన్న హిందువులు ఏం నమ్ముతారు, ఏం చేస్తారు అని. బడిపంతులువి కదా, నువ్వే రాయి అని నాకు అప్పజెప్పారు. పాస్టరు గారు ఒకటే షరతు పెట్టారు. వెక్కిరింత ఉండకూడదు, పొగడ్త ఉండకూడదు.

రేపల్లెలో పుట్టి, హైస్కూల్లో నీ పక్కన బెంచీ మీద కూర్చుని, యాభై ఏళ్ళు మీ మధ్యే బతికాను. తీరా కాగితం ముందు పెట్టుకుంటే, మీ మతం గురించి నాకు గట్టిగా తెలిసింది పులిహోర ఒక్కటేనని తేలింది.

మా పిల్లలు ప్రశ్న, జవాబు పద్ధతిలో నేర్చుకుంటారు. 'దీనికి అర్థమేమి?' అని మేం అడుగుతాం, వాళ్ళు కంఠతా చెబుతారు. నిన్నూ అలాగే అడుగుతున్నాను. దేవుడు ఒకడా, అనేకులా? మీ గ్రంథం ఏది? మనిషి చనిపోయాక ఏమవుతాడు? మేం రక్షణ అంటామే, దానికి మీ మాట ఏంటి? ఒక్కోదానికి నాలుగు వాక్యాలు చాలు.

అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? రేపల్లెలో మీ తమ్ముడు పాండురంగారావు దగ్గరే ఉన్నారా?

రాజారత్నం

*

తెనాలి,
26 ఫిబ్రవరి 1989

ఒరే రత్నం,

నీ ప్రశ్నాపత్రం అందింది. స్కూల్లో నీ పేపర్లో చూసి నేను రాసేవాణ్ణి. ఇన్నాళ్ళకి నువ్వు నా పేపర్లో చూసి రాస్తానంటున్నావు. ఫెయిలైతే నన్నేమీ అనొద్దు.

దేవుడు. మా దేవుడి గూట్లో వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. కార్తీకంలో సోమవారాలు శివుడికి ఉపవాసం ఉంటాం. ఊళ్ళో పోలేరమ్మకి కొలుపులు చేస్తాం. ఇంతమందా అంటే, మా వాళ్ళు ఎవరైనా చెప్పేది ఒకటే: ఉన్నది ఒక్కడే, పేర్లు వేరు. మా పురోహితుడు సోమయాజులు గారైతే పేరూ రూపమూ లేని పరబ్రహ్మం అంటారు. పేరూ రూపమూ లేనిదానికి నైవేద్యం పెట్టడం కుదరదు కాబట్టి మా ఆవిడ రోజూ వేంకటేశ్వరస్వామికి పెడుతుంది. రెండూ నిజమే అనుకుంటాం. ఇది నీ నాలుగు వాక్యాల్లో ఎలా ఇరుకుతుందో నాకు తెలియదు.

గ్రంథం. వేదాలు అంటారు. మా వంశంలో ఎవరూ చదివింది లేదు. రామాయణం, భాగవతం చదివించుకుని వింటాం. భగవద్గీత ఇంట్లో ఉంది. మతం పెట్టినవాడు ఫలానా అని ఒక మనిషి లేడు. పుట్టిన తేదీ కూడా లేదు.

కర్మ. తలరాత అని రాయకు, మాలోనే చాలామంది అలా పొరపాటు పడతారు. ఎవడు చేసింది వాడికే వస్తుంది, ఈ జన్మలో కాకపోతే ఇంకో జన్మలో. ధర్మం అంటే నీ వంతు నువ్వు చేయడం. తండ్రి వంతు, కొడుకు వంతు, పంతులు వంతు వేరువేరు. మీరు రక్షణ అనేదానికి దగ్గరగా మా మోక్షం ఉంది. ఈ పుట్టడం, పోవడం ఆగిపోవడమే మోక్షం. నా ఎరువుల కొట్టుకి వచ్చేవాళ్ళలో మోక్షం కావాలన్నవాణ్ణి నేనింకా చూళ్ళేదు. అందరికీ యూరియానే కావాలి.

ఒక్క మాట. 'మీరు ఏం నమ్ముతారు' అని అడిగావు. మమ్మల్ని అలా ఎవరూ అడగరు. 'మీ ఇంట్లో ఏం చేస్తారు' అని అడుగుతారు. ఆ ప్రశ్నకైతే చిన్నపిల్లలు కూడా జవాబు చెబుతారు.

చనిపోయాక ఏమవుతారనే ప్రశ్న ప్రస్తుతానికి పక్కన పెట్టాను. అమ్మ తమ్ముడి దగ్గరే ఉంది. బాగానే ఉంది.

సాంబు

*

బాపట్ల,
9 ఏప్రిల్ 1989

సాంబశివరావూ,

నువ్వు రాసింది పిల్లలకి చదివి వినిపించాను. యూరియా దగ్గర నవ్వారు. పాస్టరు గారూ నవ్వారు.

ప్రమీల అని ఒక అమ్మాయి ఉంది. దాని ప్రశ్న ఇది: 'చనిపోయినవాళ్ళు మళ్ళీ పుడతారని హిందువులు అంటారు కదండి. ఏటేటా తద్దినం పెట్టి అన్నం కూడా పెడతారు. మళ్ళీ పుట్టేసినవాళ్ళకి ఆ అన్నం ఎలా అందుతుందండి?' నిన్ను అడిగి చెబుతానన్నాను. నువ్వు పక్కన పెట్టింది కూడా సరిగ్గా ఈ ప్రశ్నే.

ఇంకొకటి. కులం గురించి రాయకుండా పాఠం పూర్తి కాదు. చిన్నప్పుడు మీ ఇంటికి ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. వసారా దాటి లోపలికి రాలేదు. రమ్మని ఎవరూ అనలేదు, వస్తానని నేనూ అనలేదు. అమ్మగారు నాకు ఏనాడూ అన్నం తక్కువ పెట్టలేదు. రెండూ జరిగినవే. నీకు అభ్యంతరం లేకపోతే రెండూ రాస్తాను.

రాజారత్నం

*

తెనాలి,
14 మే 1989

రత్నం,

రాయి. చదివాక కొట్టు మూసేసి ఇంటికెళ్ళిపోయాను. అయినా రాయి.

మీ ప్రమీల ప్రశ్న సోమయాజులు గారికి చెప్పాను. 'ఆ పిల్ల మా అగ్రహారంలో పుట్టాల్సింది' అన్నారు. ఆయన చెప్పింది ఇది. మనం పెట్టింది నేరుగా ఆ మనిషికి వెళ్ళదు. పితృదేవతలని ఉంటారు, వాళ్ళు అందుకుంటారు. పోయినవాడు ఎక్కడ ఏ రూపంలో ఉంటే ఆ రూపానికి పనికొచ్చేలా చేరుస్తారు. ఆవుగా పుడితే గడ్డిగా, మనిషిగా పుడితే అన్నంగా. కానీ ముందు అంత్యక్రియ జరిగి ఉండాలి. అది జరగనివాడు పితరుల వరసలో చేరడు. ప్రేతంగా ఉంటాడు. ఇక్కడా ఉండడు, అక్కడా ఉండడు. ఆకలి మాత్రం ఉంటుంది.

నేను పక్కన పెట్టింది ఇందుకే.

డెబ్బై ఏడు తుపాను రోజు మా నాన్న పశువుల్ని విప్పుకొస్తానని నిజాంపట్నం వైపు చేలోకి వెళ్ళడం నీకు తెలుసు. మనిషి దొరకలేదు. శవమూ దొరకలేదు. నువ్వూ మాతో పాటు వెతికావు. నీకు తెలియనిది ఒకటుంది. కనపడకుండా పోయిన మనిషి కోసం పన్నెండేళ్ళు చూడమంటుంది మా ఆచారం. ఆ తర్వాత దర్భలతో, మోదుగ కాడలతో మనిషి ఆకారం చేసి, దాన్ని ఆయనే అనుకుని దహనం చేసి కర్మ చేయాలి. ఈ కార్తీకానికి పన్నెండేళ్ళు నిండుతాయి.

ఇన్నాళ్ళూ నాన్నకి ఒక్క పిండం పెట్టలేదు. పెద్ద కొడుకుని నేను. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.

తమ్ముడు ఒప్పుకోవట్లేదు. కర్మ చేస్తే అమ్మ విధవ అవుతుంది. ఇన్నేళ్ళూ మా అమ్మ పుస్తెలతో, బొట్టుతో ముత్తైదువగానే తిరిగింది. పేరంటాలకి పిలిస్తే వెళ్ళింది. 'నాన్నకి పిండం పెట్టాలని అమ్మ బొట్టు తుడుస్తావా? నా ఇంట్లో జరగదు' అన్నాడు వాడు. 'నాన్న ఆకలితో తిరుగుతుంటే నీకు నిద్రెలా పడుతోందిరా?' అన్నాను నేను. ఉగాది నుంచీ మాటల్లేవు. అమ్మ ఏమీ అనదు.

నువ్వు సెలవుల్లో రేపల్లె వెళ్తావు కదా. అమ్మని కదిపి చూడు. నీ మాట వింటుంది. కర్మ జరగాలని ఆవిడకి నచ్చజెప్పు.

సాంబు

*

బాపట్ల,
11 జూన్ 1989

సాంబశివరావూ,

గురువారం రేపల్లె వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అమ్మగారు వసారాలో చింతపండు గింజ తీస్తున్నారు. నన్ను చూసి 'రారా రత్నం, పెద్దాడు పంపాడా?' అన్నారు. అబద్ధం ఆడలేకపోయాను. పాండురంగారావు చేలోకి వెళ్ళాడు. మీ మరదలు వసుంధర కాఫీ ఇచ్చి అక్కడే కూర్చుంది.

'మీవాళ్ళలో మొగుడు పోతే ఏం చేస్తార్రా?' అని అడిగారు.

'ప్రార్థన చేసి సమాధి చేస్తామండి.'

'ఆడదాన్ని ఏం చేస్తారు?'

'ఏమీ చెయ్యరండి. ఏడుస్తుంది.'

'హమ్మయ్య, అదొక్కటేనా' అని నవ్వారు. తర్వాత ఆవిడ అన్న మాటలు ఇవి:

'ఒకడేమో ఆయన ఆకలి అంటాడు, ఇంకోడేమో నా బొట్టు అంటాడు. ఇద్దరూ నా గురించే పోట్లాడుకుంటున్నారు, నన్నడిగినవాడు ఒక్కడూ లేడు. ఆయన రాడని నాకు మొదటి వారంలోనే తెలుసురా. ఆ నీళ్ళు నేను చూశాను.'

మరి ఇన్నేళ్ళూ ఎందుకు ఆగారని అడిగాను.

'ఊడ్పుల మొదటి రోజు మొదటి నారు కట్ట ఎవరు నాటాలి? ఇంటి ముత్తైదువ నాటాలి. ఈ ఇంటికి వచ్చిన ఏడు నుంచీ నేనే నాటుతున్నా. తుపాను మరుసటి ఏడు కూడా ఆ ఉప్పునేలలో నేనే దిగి నాటాను. నాట్లకొచ్చే నాగమ్మా వాళ్ళూ గట్టుమీద నిలబడి నేను నాటాకే దిగుతారు. రేపు పుస్తెలు తీయగానే, నువ్వు పక్కకి జరుగమ్మా అంటారు. ఆ చేను నేను పెంచింది. ఎందుకు జరగాలిరా?'

వసుంధర 'అత్తయ్యా, మిమ్మల్ని ఎవరంటారు?' అంది. 'నువ్వే అంటావే, ఇంకో పదేళ్ళకి' అన్నారావిడ.

వచ్చేటప్పుడు ఒకటి చెప్పారు. 'ఆయనకి అన్నం పెట్టొద్దని నేను అనలేదు. ఆయనకి అన్నం పెట్టడానికీ, నా మొహం కడగడానికీ సంబంధం ఏంటో మీ సోమయాజుల్ని అడగమని పెద్దాడితో చెప్పు. రెండూ ఒకే మంత్రంలో ఉన్నాయేమో కనుక్కోమను.'

నువ్వు చెప్పమన్నట్టు నచ్చజెప్పలేదు. నాకు కుదరలేదు.

రాజారత్నం

*

తెనాలి,
2 జులై 1989

రాజారత్నం గారికి,

ఉత్తరం అందింది. మీ శ్రమకి కృతజ్ఞతలు. ఒక మతం గురించి పాఠం రాయడం వేరు, ఆ మతంలో ఉన్న ఇంట్లో చేయి పెట్టడం వేరు. నేను ఒక పని చెప్తే మీరు ఇంకో పని చేసి వచ్చారు. పురోహితుడికి ఏ ప్రశ్న వేయాలో మాకు తెలుసు.

మా అమ్మ సంగతి ఆ పాఠంలో రాయవద్దు.

సాంబశివరావు

*

బాపట్ల,
6 ఆగస్టు 1989

సాంబశివరావూ,

రాయను. పిల్లలకి చూపించిన కాగితాల్లో మీ ఇంటి సంగతి ఎక్కడా లేదు. గారూ, మీరూ అక్కర్లేదు. కోపం ఉంటే ఒరే అనే తిట్టు.

నీకు తెలియని సంగతి నా వైపు నుంచి కూడా ఒకటుంది. ఆ తుపానులోనే మా తమ్ముడు యేసుదాసు పోయాడనీ, మీ నాన్నగారిలాగే దొరకలేదనీ నీకు తెలుసు. తర్వాత జరిగింది తెలియదు. మాకు పన్నెండేళ్ళ ఆచారం లేదు. మూడో ఆదివారమే గుళ్ళో వాడి పేరు చదివారు, పాట పాడాం, ప్రభువు దగ్గర ఉన్నాడని పాస్టరు గారు చెప్పారు. నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఇంటికొచ్చాక మా అమ్మ రాజమ్మ రాత్రి భోజనంలో వాడికో కంచం పెట్టింది. మర్నాడూ పెట్టింది. ఏడాది పెట్టింది. పాస్టరు గారు ఇంటికొస్తే ఆ కంచం తీసి మంచం కిందకి తోసేది. ప్రభువు దగ్గర ఉన్నవాడికి అన్నం ఎందుకమ్మా అని నేను అడగలేదు. ఎందుకో అడగబుద్ధి కాలేదు.

నీ ఆకలి మాట నాకు అర్థం కాలేదని మాత్రం అనుకోకు.

రాజారత్నం

*

తెనాలి,
8 అక్టోబరు 1989

ఒరే రత్నం,

నీ ఉత్తరం రెండు నెలలు జేబులో పెట్టుకుని తిరిగాను. రాజమ్మ గారి సంగతి ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేంట్రా?

మొన్న మహాలయ అమావాస్యకి అందరూ పెద్దలకి పెట్టుకుంటుంటే సోమయాజులు గారి అరుగు మీద కూర్చున్నాను. అమ్మ ప్రశ్న ఆవిడ మాటల్లోనే అడిగేశాను. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. పంచె అంచు మడతపెట్టి విప్పారు, మళ్ళీ మడతపెట్టారు.

తర్వాత అన్నారు: 'కర్తవి నువ్వు. ఆకారం చేసేది, నిప్పు పెట్టేది, పిండం పెట్టేది నువ్వు. ఆ కర్మకి మీ అమ్మగారి బొట్టు అంగం కాదు. అది ఉన్నా పిండం ఆగదు. విధవాధర్మం అని శాస్త్రంలో వేరే ఉంది, లేదనను. ఒంటిపూట భోజనం, నేలమీద పడక, ఇంకా చాలా ఉన్నాయి. అవన్నీ ఎవరు పాటిస్తున్నారోయ్ ఇప్పుడు? కష్టమైనవి వదిలేశారు. పక్కింటివాళ్ళకి కనపడేది మాత్రం పట్టుకున్నారు.'

'అయితే ఉంచుకోవచ్చంటారా?' అన్నాను.

'నేను అనను. ఊళ్ళో నాకూ నాలుగిళ్ళు కావాలి. పిండం ఆగదు అన్నాను, అంతే' అన్నారు.

అటునుంచి అటే బస్సెక్కి రేపల్లె వెళ్ళాను. తమ్ముడు గుమ్మంలోనే నిలబెట్టి 'ఏంటి, ముహూర్తం పెట్టించుకొచ్చావా?' అన్నాడు. సోమయాజులు గారి మాట చెప్పాను. వాడు లోపలికి చూసి 'అమ్మా' అని కేకేశాడు. ఇద్దరం అప్పుడు అడిగాం. నీకేం కావాలి అని.

'ఆయనకి అన్నం పెట్టండి. మిగతాది నేను చూసుకుంటా' అంది.

మిగతాది ఏం చూసుకుంటుందో ఇద్దరికీ తెలియదు. అడిగే ధైర్యం లేదు. కార్తీక నవమికి, తుపాను తిథికి నిర్ణయించాం.

సాంబు

*

రేపల్లె,
12 నవంబరు 1989

రత్నం,

కర్మ అయింది. పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డున చేశాం. ఇలాంటి కర్మ మూడు రోజుల్లో ముగించవచ్చన్నారు సోమయాజులు గారు.

ఆడవాళ్ళు రారు కదా, అయినా అమ్మ వచ్చింది. ఎవరూ వద్దనలేదు. సోమయాజులు గారు మోదుగ కాడలు పేర్చి, దర్భలు చుట్టి మనిషి ఆకారం కట్టారు. కళ్ళు, చేతులు, ఒక్కొక్కటీ పేరు చెబుతూ అమర్చారు. తల స్థానంలో కొబ్బరికాయ పెట్టారు. నేను దానికి నీళ్ళు చల్లబోతుంటే అమ్మ ఆగమంది.

'ఆయన అంత పొట్టి కాదు. కాళ్ళు పొడుగు చెయ్యండి.'

సోమయాజులు గారు తలెత్తి చూశారు.

'మంచం మీద పడుకుంటే పాదాలు బయటికి ఉండేవి. ఈ కాళ్ళేంటి, పిల్లాడి కాళ్ళలాగా' అంది.

ఆయన ఇంకో దర్భ కట్ట విప్పి కాళ్ళు పెంచారు. 'చాలా అమ్మా?' అని అడిగారు. 'ఇంకాస్త' అంది. పెంచారు. పాండురంగం అప్పటిదాకా దూరంగా నిలబడ్డాడు. అప్పుడొచ్చి నా పక్కన కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పన్నెండేళ్ళలో మేం నాన్న కోసం కలిసి ఏడవడం అదే మొదటిసారి. నిప్పు నేను పెట్టాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

మూడో రోజు పిండం పెట్టాం. కాకి వెంటనే ముట్టింది. నువ్వు ఇది నమ్మక్కర్లేదు. నేను నమ్మాను.

ఆ సాయంత్రం వీధిలో విధవల్లో పెద్దావిడ వెంకటరత్నమ్మ గారు, ఇంకో ఇద్దరూ మా వాకిట్లో నీళ్ళ బిందె పెట్టుకుని కూర్చున్నారు, గాజులు తీయించి బొట్టు తుడవడానికి. అమ్మ వాళ్ళకి నమస్కారం పెట్టి, భోజనానికి లేవమంది. పుస్తెల తాడు అప్పటికే ఆవిడ మెడలో లేదు. ఎప్పుడు తీసిందో వసుంధరకీ తెలియదు. కొంగున ముడి కనపడుతోంది. బొట్టు మాత్రం ఉంది.

వెంకటరత్నమ్మ గారు 'ఇదేం పద్ధతి మాణిక్యాంబా?' అని అడిగారు.

'ఆయన కట్టింది ఆయనతో పాటు తీశాను. ఇది మా అమ్మ పెట్టింది' అంది అమ్మ.

ముగ్గురూ బిందె తీసుకుని లేచి వెళ్ళిపోయారు. భోజనం చెయ్యలేదు.

సాంబు

*

బాపట్ల,
21 జనవరి 1990

సాంబశివరావూ,

పోయిన ఆదివారం పాఠం చెప్పాను. ఒకడే దేవుడు, అనేక రూపాలు అని చెప్పాను. కర్మ, ధర్మం, మూడు పేజీల్లో పునర్జన్మ చెప్పాను. వసారా సంగతి చెప్పాను. ప్రమీలకి తద్దినం జవాబు సోమయాజులు గారి మాటల్లోనే చెప్పాను. అది పుస్తకంలో రాసుకుని 'అయితే వాళ్ళకి గుర్తుంటుందన్నమాటండి' అంది. ఎవరికి గుర్తుంటుందని అందో నేను అడగలేదు. పాస్టరు గారు పాఠం బాగుందన్నారు, కొంచెం పొడుగైందన్నారు.

అమ్మగారు ఎలా ఉన్నారు? ఊళ్ళో ఏమంటున్నారు?

రాజారత్నం

*

తెనాలి,
18 ఫిబ్రవరి 1990

రత్నం,

ఊళ్ళో అనేవాళ్ళు అంటున్నారు. పేరంటాలకి పిలవడం మానేశారు. మాఘమాసంలో వీధిలో రెండు పెళ్ళిళ్ళు అయ్యాయి. వసుంధరని పిలిచారు, అమ్మని పిలవలేదు. 'నయమే, మోకాళ్ళకి నడక తప్పింది' అంటుంది. ఆ రెండు రోజులూ మాత్రం ఆవిడ సరిగ్గా తినలేదని వసుంధర చెప్పింది. తమ్ముడికీ నాకూ ఇప్పుడు ఒకటే భయం. జులైలో ఊడ్పులు వస్తాయి.

సాంబు

*

రేపల్లె,
25 జులై 1990

రత్నానికి,

మాణిక్యాంబ చెబుతుంటే వసుంధర రాస్తోంది. మా పెద్దాడు నీకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడటగా. ఈ ఒక్కటీ నేను రాయిస్తాను, వాడైతే ఏడుపు కలిపి రాస్తాడు.

మొన్న సోమవారం ఊడ్పులు మొదలుపెట్టాం. మే నెల తుపానుకి గట్లు తెగిపోతే మళ్ళీ వేయించాడు చిన్నాడు. తెల్లారేసరికి పెద్దాడు తెనాలి నుంచి దిగాడు. ఏంట్రా కొట్టు మూసేసి వచ్చావంటే, ఊరికే అన్నాడు. ఇద్దరూ గట్టుమీద చెరోవైపూ నిలబడ్డారు, ఎలక్షన్ పోలీసుల్లాగా. ఎవరైనా ఏమైనా అంటే మీద పడదామని చూస్తున్నారు. పక్క చేలో వాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. రెండూ నిజమే.

వసుంధర నారు కట్ట పట్టుకుని నా వైపు చూసింది. నా చేతికి ఇవ్వాలా, తనే దిగాలా అని దానికి తెలియలేదు. నేనూ చెయ్యి చాపలేదు. (ఇది నేను రాయనన్నాను, అత్తయ్య రాయమంటున్నారు. వసుంధర.)

ఎవరూ కదల్లేదు. ఆడకూలీలందరూ చీరలు ఎగ్గట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ ముఠాకి పెద్ద నాగమ్మ. ఆదివారాలు మీ గుడికి వెళ్ళే నాగమ్మే. అది కాసేపు చూసి, వసుంధర చేతిలోంచి కట్ట లాక్కుని నా చేతిలో పెట్టింది.

'కానీండి అమ్మగారూ, ఎండెక్కుతోంది' అంది.

దిగి నాటాను.

మాణిక్యాంబ